కొట్టం కాపలా నుంచి షట్టర్ అలారం దాకా

పోయిన వైశాఖంలో మాచర్లలో పెళ్లికి బయల్దేరాం, నేనూ మా ఆయనా. అత్తయ్య రానన్నారు. "ఈ ఎండలో నావల్ల కాదమ్మాయ్, పక్కింటి కోడలు దగ్గర కూర్చుంటా, మీరు పోయి రండి" అన్నారు. సరేనని ఇంటికి తాళం వేశాం. కారు షెడ్డులోంచి వంటింట్లోకి వచ్చే తలుపుకు లోపలినుంచి గడియ పెట్టాను. కారు వీధి మలుపు తిరగ్గానే ఫోన్‌లో 'బయటికి వెళ్లాం' అన్న బొమ్మ నొక్కాను. అది నొక్కితే రెండు పనులు అవుతాయి. షెడ్డు షట్టర్ దానంతటదే కిందికి దిగుతుంది, ఇంటి అలారం మేలుకుంటుంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటు అది.

పావుగంటకు ఫోన్ మోగింది. షెడ్డులో ఏదో కదిలిందని, సైరన్ మోగుతోందని.

"మళ్లీ గాలేమోలే" అన్నారు మా ఆయన. ఆ నెలలో అప్పటికి మూడుసార్లు గాలిదుమారానికి షట్టర్ గడగడలాడి సైరన్ కూసింది. మొదటిసారి వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. రెండోసారి ఇద్దరొచ్చారు. మూడోసారి ఎవరూ రాలేదు. నాన్నా పులి కథ మీకు తెలిసిందే కదా. నేను కూడా అదే అనుకుని ఫోన్‌లోనే సైరన్ ఆపేశాను.

షెడ్డులో ఉన్నది గాలి కాదు, అత్తయ్య. పక్కింటి వదినకు మాగాయ ఇద్దామని, తెరిచి ఉన్న షట్టర్ కిందనుంచి లోపలికి వెళ్లి, మూల జాడీ మూత విప్పుతున్నారట. ఇంతలో షట్టర్ దిగింది. ఆ తర్వాత కరెంటు పోయింది. మధ్యాహ్నం ఎండ, రేకు షట్టర్, పక్కన మిరపకాయల బస్తాలు. రోకలి తీసుకుని షట్టర్ మీద బాదితే ఎంతకో పక్కింటి వదిన విని మాకు ఫోన్ చేసింది. దారిలోంచే వెనక్కి తిరిగాం. వంటింటి గడియ తీసేసరికి అత్తయ్య బస్తా మీద కూర్చుని దగ్గుతున్నారు. నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని ఆవిడ అన్నమాట ఒక్కటే. "ఆ గంట మోగినప్పుడు వస్తారులే అనుకున్నా. ఆగిపోయేసరికి భయమేసింది."

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆపింది నేనే కదా. అసలు ఈ గంటలూ ఈ తలుపులూ ఎవరు కనిపెట్టారు, ఒకదానికొకటి ఎందుకు ముడిపెట్టారు, ఎక్కడ పొరపాటు జరుగుతుంది అని అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాను. చదివింది మీతో పంచుకుందామని కూర్చున్నాను. ఇంట్లో పెద్దవాళ్లూ పసిపిల్లలూ ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

కొట్టంలో మంచం

ఇప్పుడు మా కారు షెడ్డున్న చోట ఒకప్పుడు పశువుల కొట్టం ఉండేది. అత్తయ్య వెల్దుర్తికి కాపరానికి వచ్చిన రోజుల్లో ఇంట్లో ఖరీదైనవంటే ఎద్దుల జతే. బంగారం ఏముండేది, మెడలో పుస్తెలూ చెవులకు కమ్మలూ తప్ప! అందుకని ఇంటి తలుపు కన్నా కొట్టం తలుపు మీదే అందరి ధ్యాసా. నాపరాళ్ల గోడ, చెక్క తలుపు, వెనక అడ్డకర్ర. అంతే.

మామయ్య రాత్రిళ్లు కొట్టంలోనే మంచం వేసుకునేవారట. ఎద్దు పలుపుతాడు కొస తెచ్చి మంచం కోడుకు కట్టుకునేవారట. దొంగ వచ్చి ఎద్దును కదిలిస్తే మంచం కదిలి మెలకువ వస్తుందని. అత్తయ్య నవ్వుతూ చెబుతారు. "ఎద్దు ఈగను తోలుకున్నా మీ మామయ్య లేచి కూర్చునేవాడు. తెల్లారేదాకా అదే వరస. అయినా ఏ రోజూ తాడు విప్పలేదు."

ఇది రాస్తుంటే నాకు చిత్రమనిపించింది. వాహనం ఉండే చోటును కాపలాతో ముడిపెట్టడం అంటే ఇదే కదా. ఇప్పుడు తాడు బదులు తీగ, మంచం బదులు ఫోన్. అనవసరంగా మోగడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఒక్కటే తేడా. మామయ్య ప్రతిసారీ లేచి చూశారు. నేను చూడలేదు.

ఇంటి కాపలా ఇలా ఉంటే ఊరి కాపలాకు తలారి ఉండేవాడు. రాత్రి ఊరు చుట్టి రావడం, కొత్త ముఖం కనిపిస్తే పెద్దలకు చెప్పడం, దొంగతనం జరిగితే అడుగుజాడలు పట్టుకుని వెతకడం అతని పని. జీతం కింద మాన్యం భూమి, కళ్లంలో మేర గింజలు. దక్షిణాదిలో కొన్నిచోట్ల దొంగ దొరక్కపోతే పోయిన సొత్తుకు కావలివాళ్లే బాధ్యత వహించే పద్ధతి కూడా ఉండేది. మద్రాసు రాష్ట్రానికి 1859లో పోలీసు చట్టం వచ్చాక ఆ బాధ్యత మెల్లగా ఠాణాకు మారింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1984లో, ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు తీసేయడంతో తలారికి పని చెప్పే పాత వ్యవస్థ కూడా పోయింది. ఇళ్ల కాపలా ఎవరి ఇంటికి వాళ్లదే అయింది.

తాళం సంగతీ చెప్పాలి. అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో 1897లో తాళాల తయారీ మొదలుపెట్టారు. బొంబాయిలో దొంగతనాలు పెరిగిపోయాయని పేపర్లో చదివి ఆ వ్యాపారం ఎంచుకున్నారని చెబుతారు. ఆ తాళాల కంపెనీయే తర్వాత ఇనుప బీరువాలు చేసింది. మనలో చాలామంది కాపరాలకు వచ్చినప్పుడు సారెతో పాటు బీరువా కూడా వచ్చింది కదా! ఎద్దులు పోయి బంగారం వచ్చాక మన ధ్యాస కొట్టం తలుపు నుంచి పడగ్గదిలోని బీరువాకు మారింది. కొట్టం తలుపు సంగతి మరిచిపోయాం. ఈ మరుపు దగ్గరికే మళ్లీ వస్తాను.

గంట ఎలా పుట్టింది

కరెంటుతో మోగే దొంగల గంటకు అమెరికాలో 1853లో పేటెంట్ వచ్చింది. కనిపెట్టినాయన అగస్టస్ రస్సెల్ పోప్. మసాచుసెట్స్ రాష్ట్రంలో క్రైస్తవ మతగురువు. తలుపులకూ కిటికీలకూ తీగలు కలిపాడు. ఏదైనా తెరుచుకుంటే తీగలో కరెంటు పారి, విద్యుదయస్కాంతం పనిచేసి, చిన్న సుత్తి గంటను టకటకా కొట్టేది. దొంగ చప్పున తలుపు మూసేసినా గంట ఆగకుండా ఏర్పాటు చేశాడు. ఇళ్లకు కరెంటు దీపాలు రాని రోజుల్లోనే ఇది చేశాడంటే ఆశ్చర్యంగా ఉంటుంది. బ్యాటరీల మీదే నడిచేది.

పోప్ దగ్గర ఆ హక్కులు 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే ఆయన కొన్నాడు. బోస్టన్‌లో మొదలుపెట్టి, తర్వాత న్యూయార్క్‌లో ఇంటింటికీ తిరిగి అమ్మాడు. గంట ఇంట్లో మోగితే ఇంటివాళ్లకే తెలుస్తుంది, ఇంట్లో ఎవరూ లేకపోతే ఎలా అన్న ప్రశ్న వచ్చింది. అందుకని తీగలను ఊళ్లోంచి లాగి తన ఆఫీసుకు కలిపాడు. అక్కడ మనిషి కూర్చుని వినేవాడు. 1877లో బోస్టన్‌లో వాళ్లబ్బాయి ఆ తీగల మీదే టెలిఫోన్ కూడా నడిపించాడు. పగలు మాటలు, రాత్రి కాపలా!

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. నూట యాభై ఏళ్ల కిందటే వాళ్లకు అర్థమైన సంగతి ఇది. గంట మోగడం సగం పని. విని కదిలే మనిషి ఉండటం మిగతా సగం. మా షెడ్డులో గంట ఉంది, ఫోన్ ఉంది. కదలాల్సిన మనిషిని నేను, 'గాలేలే' అనుకున్నాను.

తలుపు పైకి లేచింది

కార్లు వచ్చిన కొత్తలో అమెరికాలో వాటిని గుర్రపు బగ్గీలు పెట్టే కొట్టాల్లోనే పెట్టేవాళ్లు. మన ట్రాక్టర్ పశువుల కొట్టంలోకి వచ్చినట్టే. రెండు రెక్కల తలుపులు బయటికి తెరుచుకునేవి. మంచు కురిస్తే పారతో తవ్వితే గాని తలుపు కదిలేది కాదు. 1921లో సి.జి. జాన్సన్ అనే ఆయన అడ్డంగా పలకలు అతికినట్టుండే, పైకి లేచే తలుపు చేశాడు. 1926లో దాన్ని ఎత్తే కరెంటు మోటారు చేశాడు. బరువు ఎత్తలేని వాళ్లకు వీలుగా ఉండాలని.

ఆ బరువు సంగతి మనకు తెలిసుండాలి. మన వీధి దుకాణాల షట్టర్ అయినా, ఆ పలకల తలుపు అయినా, ఒంటి చేత్తో లేస్తోందంటే పైన బిగించిన స్ప్రింగు దాని బరువు మోస్తోందన్నమాట. మోటారు చేసేది కాస్త సాయమే. స్ప్రింగు తెగినా సడలినా ఆ బరువంతా కిందికొస్తుంది. అందుకే స్ప్రింగు మీద చెయ్యి వేయడం ఇంట్లో మగవాళ్లు సరదాగా చేసే పని కాదు. మెకానిక్‌నే పిలవండి.

మోటారు వచ్చాక ఇంకో ప్రమాదం వచ్చింది. తలుపు కింద ఏముందో మోటారుకు తెలియదు. ఆడుకుంటున్న పిల్లలు దాని కింద నలిగి చనిపోయిన ఘటనలు అమెరికాలో ఒకటికి రెండు కాదు, చాలా జరిగాయి. చివరికి అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. 1993 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి గ్యారేజ్ మోటారుకూ, దిగేటప్పుడు దేనికైనా తగిలితే వెనక్కి లేచే గుణం, దాంతోపాటు ఎదురుగా మనిషి ఉంటే పసిగట్టే కన్నులాంటిదో, అంచున తాకిడి తెలిసే పట్టీయో ఉండితీరాలి. ఆ కన్ను నేలకు ఆరు అంగుళాల లోపే పెడతారు. ఎందుకో ఆలోచించండి. పాకే పిల్లవాడు కూడా కనపడాలని.

మా షట్టర్‌కు ఆ కన్ను ఉంది. కానీ అది గుమ్మం మీద ఉన్నవాళ్లను మాత్రమే చూస్తుంది. లోపల మూలన జాడీ దగ్గర ఉన్న అత్తయ్యను చూడదు. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు.

రాత్రి డ్యూటీ నర్సు ఆలోచన

ఇప్పుడు నాకు బాగా నచ్చిన మనిషి గురించి చెబుతాను. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేది. ఆమె భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరివీ వేళాపాళా లేని ఉద్యోగాలు. చాలాసార్లు రాత్రి ఆమె ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వచ్చేది. ఆ పేటలో దొంగతనాలు ఎక్కువ, పిలిస్తే పోలీసులు వచ్చేది ఆలస్యం. ఎవరైనా తలుపు తడితే వెళ్లి తీయాలా వద్దా? ఒంటరిగా ఉన్న ఆడవాళ్లకు ఈ ప్రశ్న ఏమిటో వేరే చెప్పాలా!

భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేశారు. తలుపుకు నాలుగు కన్నాలు, వేర్వేరు ఎత్తుల్లో. పొడుగు మనిషి వచ్చినా చిన్నపిల్లవాడు వచ్చినా కనపడేలా. వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా. బొమ్మ పడగ్గదిలోని టీవీలో కనిపిస్తుంది. మైకు ఉంటుంది. లోపల కూర్చునే "ఎవరది?" అని అడగొచ్చు. తెలిసినవాళ్లయితే ఒక బటన్ నొక్కి దూరంనుంచే తలుపు గడియ తీయొచ్చు. తెలియనివాళ్లయితే ఇంకో బటన్ నొక్కితే కాపలావాళ్లకూ పోలీసులకూ కబురు పోతుంది. 1966 ఆగస్టులో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. 1969 డిసెంబరు 2న వచ్చింది.

చూశారా? తలుపునూ అలారాన్నీ ఒకే చోటనుంచి నడిపించడం, ఈ రోజు మన ఫోన్లలో ఉన్నదంతా, రాత్రిపూట ఇంట్లో ఒంటరిగా ఉన్న ఒక ఇల్లాలి భయంలోంచి వచ్చింది. ఇంకో సంగతి గమనించండి. ఆమె ఏర్పాటులో వరస ఉంది. ముందు చూడాలి, తర్వాత మాట్లాడాలి, ఆ తర్వాతే తెరవడమో గంట కొట్టడమో. మా ఇంట్లో బిగించిన దాంట్లో చూడటం లేదు, మాట్లాడటం లేదు. నొక్కడం మాత్రమే ఉంది.

రిమోటూ, కుట్ర చేసే బొమ్మా

గ్యారేజ్ తలుపులకు రిమోట్లు వచ్చిన తొలిరోజుల్లో ఒకరి రిమోట్‌తో పక్కింటివాళ్ల తలుపు తెరుచుకోవడం మామూలే. తర్వాత లోపల చిన్న చిన్న మీటలు పెట్టి ఒక్కో ఇంటికి ఒక్కో అంకెల వరస ఇచ్చారు. అయినా ఆ వరస ఎప్పుడూ ఒకటే కాబట్టి గాల్లోంచి పట్టి మళ్లీ వదిలితే తలుపు తెరుచుకునేది. 1990ల్లో ప్రతి నొక్కుకూ అంకెలు మారిపోయే పద్ధతి వచ్చింది. రోలింగ్ కోడ్ అంటారు. పాత పద్ధతి ఎంత బలహీనమో 2015లో సామీ కామ్‌కార్ అనే నిపుణుడు చూపించాడు. ఆడపిల్లలు ఆడుకునే మెసేజ్‌ల బొమ్మ ఒకదాన్ని మార్చి, మారని కోడ్ ఉన్న గ్యారేజ్ తలుపులను పది సెకన్ల లోపే తెరవొచ్చని నిరూపించాడు.

మీ ఇంట్లో షట్టర్ రిమోట్ ఉంటే, కొనేటప్పుడు అడగాల్సిన మొదటి మాట ఇదే. కోడ్ మారుతుందా, మారదా? మన ఊళ్లలో చవగ్గా దొరికే రిమోట్లలో మారనివి కూడా ఉంటాయి. బజారులో నకలు చేసి ఇస్తామంటున్నారంటే అనుమానించాల్సిందే.

ఇప్పుడు ఇందాకటి మరుపు దగ్గరికి వస్తాను. ఎదుటి తలుపుకు మూడు తాళాలు వేస్తాం. షెడ్డులోంచి వంటింట్లోకి వచ్చే తలుపును మాత్రం గడియ కూడా పెట్టకుండా వదిలేస్తాం, బయట షట్టర్ ఉంది కదా అని. అంటే ఇంట్లో అన్నిటికన్నా పెద్ద తలుపు రక్షణ కారు అద్దానికి తగిలించిన ఒక చిన్న రిమోట్ చేతిలో ఉన్నట్టే. కారు సర్వీసుకు ఇస్తే రిమోట్ కూడా మెకానిక్ దగ్గరికి వెళుతుంది. మా ఇంట్లో బిగించిన కుర్రవాడు ఇంకో ఘనకార్యం చేశాడు. షట్టర్ రిమోట్ నొక్కితే అలారం కూడా ఆగిపోయేలా కలిపాడు. సౌకర్యంగా ఉంటుందట! రిమోట్ ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్లదే అన్నమాట.

బంగారం భయం

"ఇంత ఎందుకురా, మనూళ్లో ఎవరొస్తారు" అని అడిగితే మా అబ్బాయి ఒక కేసు చెప్పాడు. 2011 నుంచి 2014 దాకా టెక్సస్, జార్జియా, మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ రాష్ట్రాల్లో ఒక ముఠా పని కట్టుకుని భారతీయుల ఇళ్లనూ ఇతర ఆసియా కుటుంబాల ఇళ్లనూ దోచింది. జనం ఇంట్లో ఉండగానే చొరబడి, కట్టేసి, బెదిరించి బంగారం, నగదు, నగలు తీసుకుపోయారు. ఆ ముఠాను నడిపినది ఒక ఆడమనిషి. 2019లో కోర్టు ఆమెకు 37 ఏళ్ల జైలు వేసింది. వాడి భయం వాడిది. పరాయి దేశంలో ఇద్దరు పిల్లలతో ఉంటూ, ఇక్కడ ముసలి నాయనమ్మ, మేమూ. ఫోన్‌లో ఇల్లు కనిపిస్తే వాడికి నిద్రపడుతుందని నేనూ ఒప్పుకున్నాను.

మన దగ్గర కూడా పోలీసులు ఇలాంటి ఏర్పాటు చేశారు. 2017 నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పథకం నడిపారు. ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటారు. ఊరెళ్లేముందు యాప్‌లో చెబితే పోలీసులు వచ్చి ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెట్టి వెళ్లేవారు. మనిషి కదిలితే కంట్రోల్ రూముకు బొమ్మతో సహా కబురు. డబ్బు తీసుకోరు. దీంట్లో నాకు నచ్చింది ఏమిటంటే, అవతల వినే మనిషి ఉన్నాడు, చూడటానికి బొమ్మ ఉంది. తలారి మళ్లీ వచ్చినట్టనిపించింది. మీ ఠాణాలో ఇప్పుడు ఆ సదుపాయం ఉందో లేదో ఊరెళ్లేముందు ఒకసారి కనుక్కోండి.

మేం మార్చుకున్నవి

అత్తయ్య సంగతి జరిగాక వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. ఆయన ఒక పూటంతా కూర్చుని వివరించాడు. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

అలారం మేలుకున్నప్పుడు షట్టర్ దానంతటదే దిగే ముడిని విప్పేశాం. షట్టర్ దించాలంటే ఎదురుగా నిలబడి, లోపల ఎవరూ లేరని చూసి దించాల్సిందే. అలారం పని చూడటం వరకే. షట్టర్ తెరిచి ఉందా, మూసి ఉందా అని ఫోన్‌కు చెబుతుంది. మర్చిపోయి తెరిచి వదిలేస్తే గుర్తుచేస్తుంది.

రిమోట్‌తో అలారం ఆగే ముడి కూడా తీసేశాం. షట్టర్ తెరిచి లోపలికి వచ్చాక వంటింటి గోడమీదున్న మీటల దగ్గర అంకెలు నొక్కడానికి 45 సెకన్లు గడువు ఉంటుంది. ఆలోపు నొక్కకపోతే సైరన్. షెడ్డు నుంచి వంటింట్లోకి వచ్చే తలుపుకు ఎదుటి తలుపుతో సమానంగా తాళం పెట్టాం.

గాలికి మోగడం గురించి అడిగితే ఆయన నవ్వాడు. తలుపు మూసిందో లేదో చెప్పే ఆ చిన్న పరికరంలో గాజు గొట్టంలో రెండు సన్నని ఇనుప రేకులు ఉంటాయి. అయస్కాంతం దగ్గరుంటే రేకులు కలుస్తాయి, దూరమైతే విడిపోతాయి. బెల్ కంపెనీ ప్రయోగశాలలో 1936లో పుట్టిన ఉపాయమట. మామూలు తలుపుకు చిన్నది సరిపోతుంది. షట్టర్ గాలికి ఊగుతుంది కాబట్టి కాస్త ఎడం అయినా ఓర్చుకునే పెద్దది పెట్టాలి. మాకు కిటికీకి పెట్టేది పెట్టారు. అంత చిన్న వస్తువు తేడాతో ఊరంతా మా గంటను నమ్మడం మానేసింది. నేనూ మానేశాను.

ఇక అసలైనది. కరెంటు పోతే మోటారును విడదీసి చేత్తో షట్టర్ ఎత్తుకునే ఎర్ర తాడు మా షట్టర్‌కు మొదటినుంచీ ఉంది. చుట్ట చుట్టి పైకి దోపేశారు, అత్తయ్యకు అందనంత ఎత్తులో. పైగా అలారం ఉన్నప్పుడు లోపలి బటన్ పనిచేయకుండా కట్టేశారు, దొంగ లోపలికి దూరితే బయటికి రాలేడని. దొంగ సంగతేమో గాని, మా ఇంటి పెద్దావిడ రాలేకపోయింది. 2017లో కాలిఫోర్నియాలో కార్చిచ్చు వచ్చినప్పుడు కరెంటు పోయి, గ్యారేజ్ తలుపులు ఎత్తుకోలేక ముసలివాళ్లు కొందరు చనిపోయారు. అందుకని 2019 జులై నుంచి ఆ రాష్ట్రంలో అమ్మే ప్రతి కొత్త గ్యారేజ్ మోటారుకూ బ్యాటరీ ఉండాలని చట్టం తెచ్చారు. ఎక్కడి కాలిఫోర్నియా, ఎక్కడి వెల్దుర్తి! కరెంటు పోతే చీకట్లో నిలబడే ముసలావిడ మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇప్పుడు మా షట్టర్‌కు బ్యాటరీ ఉంది. లోపలి బటన్ ఎప్పుడైనా పనిచేస్తుంది. ఎర్ర తాడు నడుమెత్తులో వేలాడుతోంది. షెడ్డులో చిన్న కెమెరా, మైకు. సైరన్ మోగితే ముందు బొమ్మ చూస్తాను, "ఎవరది?" అని అడుగుతాను. అప్పటికీ తెలియకపోతే పక్కింటి వదినకు ఫోన్ చేస్తాను. చూడకుండా ఆపడం మానేశాను.

మొన్న ఆదివారం మెయిన్ స్విచ్ తీసేసి అత్తయ్య చేత తాడు లాగించాం. రెండుసార్లు లాగారు. మూడోసారి షట్టర్ కింద చెయ్యి పెట్టి నడుం దాకా తనే ఎత్తారు, ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి. ఎత్తి, ఎలక్ట్రీషియన్ వైపు తిరిగి, "ఇది మొదటి రోజే చూపించుంటే ఆ మాగాయ ఆరోజే ఇచ్చొచ్చేదాన్ని గదయ్యా" అన్నారు.

మీ ఇంట్లో ఇలాంటి షట్టర్ ఉంటే ఇవాళే ఒక పని చేయండి. మెయిన్ ఆపి, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను, తాడు అందేంత ఎదిగిన పిల్లల్ని లోపల నిలబెట్టి, మీరు పక్కనే ఉండి తెరవమనండి. వాళ్లకు చేతకాకపోతే మార్చాల్సింది షట్టర్‌నే.